అల్లుడి ఫోన్‌లో ఎర్రటి పిల్ల

పోయిన వారం నా ఫోన్ అద్దం పగిలితే, కొత్తది వేయించుకుందామని మెదక్ బస్టాండు దగ్గరున్న మొబైల్ షాపుకు వెళ్లాను. ఆ షాపు నడిపేవాడు చిన్నప్పుడు నా చేతుల మీదుగా పోలియో చుక్కలు తాగినవాడే. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. నా ఏడువేల ఫోన్‌ను చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి పక్కన పడేశాడు. అద్దాల బీరువాలోంచి ఇంకో ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"సిస్టరమ్మా, గా డబ్బాకు అద్దం ఏపిచ్చుడు దండగ. గిది చూడుండ్రి. లక్షా ముప్పై వేలు. కిస్తుల మీద ఇస్త. దీని కెమెరా ముంగట మన కన్ను గూడ పనికిరాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవని కన్ను పనికిరాదురా?" అన్నాను. షాపులో ఉన్న నలుగురూ నా వైపు తిరిగారు.

"అయ్యో, అట్ల గాదమ్మా, క్లారిటీ గురించి చెప్తున్న."

"క్లారిటీ నాకు చెప్పకు. నా ఫోన్ నాకియ్యి."

అద్దం వేయించకుండానే తెచ్చేసుకున్నాను. ఇంటికి వచ్చేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను. వాడి తప్పేం లేదని తెలుసు. వాడు సరుకు అమ్ముకునేవాడు. మా ఇంట్లో మా తమ్ముడి పిల్లలు కూడా అదే అడుగుతారు, ఆ ఫోన్ అంత ధరకు తగినదేనా, కొనొచ్చా అని. నా దగ్గర జవాబు ఉంది. కానీ అది రెండు ముక్కల్లో చెప్పేది కాదు. చెప్పబోతే గొంతు పెద్దదైపోయి ఎదుటివాళ్లు బెదిరిపోతారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కాన్పుల వార్డులోనే. పుట్టిన పిల్లలకు కామెర్లు వచ్చాయో లేదో చూడటం మాకు మొదటి ఏడాదే నేర్పారు. బిడ్డను కిటికీ దగ్గరికి, పగటి వెలుతురులోకి తేవాలి. బట్టలు విప్పాలి. బొటనవేలితో నుదుటి మీద మెత్తగా నొక్కి వదలాలి. నొక్కిన చోట రక్తం పక్కకు జరిగి, ఒక్క క్షణం చర్మం అసలు రంగు బయటపడుతుంది. తెల్లగా కనిపిస్తే భయం లేదు. పసుపుగా ఉంటే కామెర్లు. ఆ పసుపు మొదట ముఖంలో కనిపిస్తుంది, తర్వాత ఛాతీకి దిగుతుంది, తర్వాత పొట్టకు, ఆఖరున అరికాళ్లకు. ఎంత కిందికి దిగితే అంత ప్రమాదం. మా మేట్రన్ పక్కన నిలబడి, ఒక్కో బిడ్డను మా చేత నాలుగు చోట్ల నొక్కించి, ఏం రంగో చెప్పమనేది. తప్పు చెబితే అందరి ముందూ కడిగేసేది. ఈ పరీక్షకు కరెంటు అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు, ఒక కన్ను, ఒక బొటనవేలు ఉంటే చాలు.

కన్ను గురించి ఒక మాట. నేను రిటైరయ్యాక రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఎడమ కంటిది తర్వాత తీయిద్దాంలే అని బద్ధకించాను. ఈ సంగతి మా వాడకట్టంతా తెలుసు, ఎందుకంటే నల్లద్దాలు పెట్టుకుని నెల రోజులు తిరిగాను.

మా పక్కింటివాళ్ల సొంతూరు కుల్చారం. అక్కడ పొలాలున్నాయి, మెదక్‌లో రైస్ మిల్లు ఉంది. నేను క్రిస్టమస్‌కు కేకు పంపితే వాళ్లు ఉగాదికి పచ్చడి పంపుతారు. ముప్పై ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది. ఆ ఇంటావిడ నన్ను అక్కా అంటుంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు నా చేతుల్లోనే పుట్టింది, నన్ను పెద్దమ్మా అంటుంది. ఆ పిల్లను రామాయంపేటలో సిమెంటు, స్టీలు వ్యాపారం చేసే కుటుంబంలో ఇచ్చారు. అల్లుడు చెడ్డవాడు కాదు. తాగడు, కసరడు, భార్యను ప్రేమగా చూసుకుంటాడు. నా కోపమంతా అతని మీదే అయితే ఈ కథ చెప్పడం చాలా తేలికగా ఉండేది.

తొలి కాన్పు కాబట్టి పిల్ల పుట్టింటికి వచ్చింది. నిరుడు చలికాలంలో, ఒక బుధవారం, మెదక్‌లోనే ఒక నర్సింగ్ హోమ్‌లో ఆడపిల్లను కన్నది. బిడ్డ పుట్టబోతోందని అల్లుడు ముందే ఆ ఖరీదైన ఫోన్ కొన్నాడు. "బిడ్డ ఫస్ట్ ఫోటో మామూలు ఫోన్ల తీస్తమా సిస్టరమ్మా?" అని నాతోనే అన్నాడు. శనివారం బిడ్డను ఇంటికి తెచ్చేసరికే అందులో ఆరేడు వందల ఫోటోలు ఉన్నాయి. అన్నింట్లోనూ బిడ్డ గులాబీ రంగులో, వెన్నముద్దలాగా ఉంది. వచ్చినవాళ్లందరూ ఆ ఫోన్ అందుకుని ఒకే మాట అనేవాళ్లు. "అబ్బ, ఎంత ఎర్రగున్నదే పిల్ల!" తల్లి చామనఛాయ, తండ్రి ఇంకొంచెం నలుపు. ఎర్రటి పిల్ల పుట్టిందని ఆ ఇంట్లో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఆడపిల్ల అని పెదవి విరవబోయిన చుట్టాలు కూడా ఫోటో చూసి సర్దుకున్నారు. మన వాళ్లకు ఈ రంగు పిచ్చి ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

నన్ను నేను వెనకేసుకు రాను. ఆ శనివారం అల్లుడు నాకూ ఒక ఫోటో తీశాడు. చూసుకుంటే నా ముఖంలో ముడతల్లేవు. కళ్ల కింద సంచుల్లేవు. నాకు అరవై మూడేళ్లు, ఆ ఫోటోలో నలభై అయిదు కూడా ఉన్నట్టు లేను. "నాకు పంపియ్యి బిడ్డా" అని అడిగి మరీ తీసుకున్నాను. వాట్సాప్‌లో నా బొమ్మగా అదే పెట్టుకున్నాను. చర్చిలో నాతో పాడే ఆడవాళ్లు ఏం క్రీమ్ పూస్తున్నావని అడిగితే మురిసిపోయాను. ఆ ఫోన్ నా ముఖాన్ని దిద్దిందని నాకు తెలుసు. నా ముఖాన్ని దిద్దిన ఫోన్ బిడ్డ ముఖాన్ని ఊరికే వదిలిపెడుతుందా అన్న ప్రశ్న మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ నేరుగా వాళ్లింటికి వెళ్లాను. అప్పుడే బిడ్డకు నూనె రుద్ది, నలుగు పెట్టి, నీళ్లు పోసి పడుకోబెట్టారు. చేతిలోకి తీసుకున్నాను. ముప్పై నాలుగేళ్ల అలవాటు, వేలు దానంతట అదే నుదుటి మీదికి పోయింది. నొక్కి వదిలాను. పసుపు. బట్ట విప్పి ఛాతీ మీద నొక్కాను. అక్కడా పసుపే.

"బిడ్డకు పసిరికలు దిగుతున్నయి. ఛాతీదాక వచ్చినయి. ఇయ్యాల్నే రక్తపరీక్ష చేపిద్దాం" అన్నాను.

పక్కింటావిడ నవ్వింది. "పసిరికలు గాదక్కా, పసుపు. ఇప్పుడే నలుగు పెట్టి నీళ్లు పోసిన. శెనగపిండిల పసుపు జర ఎక్కువ పడ్డది."

తడిబట్ట తెప్పించి తుడిచాను. బట్టకు కొంచెం పసుపు అంటింది నిజమే. కానీ తుడిచిన చోట మళ్లీ నొక్కితే మళ్లీ అదే రంగు. "ఇది పైన పూసింది కాదు, లోపటిది" అన్నాను. "దవాఖానకు తీస్కపోదాం పాండ్రి."

"పురుటి స్నానం గాకముందే పసిగుడ్డును బయటికి తీస్తరా అక్కా? గాలి, ధూళి..." అని ఆమె నసిగింది. అంతలో అల్లుడు లేచాడు.

"ఆగుండ్రి, గంత దూరం ఎందుకు పరేషాన్? మా పెద్దనాన్న కొడుకు హైదరాబాద్‌ల పిల్లల డాక్టరే. ఫోటో పంపిస్త."

మంచం పక్కన ట్యూబులైటు కింద నాలుగు ఫోటోలు తీశాడు. తీసి నాకు చూపించాడు. "ఏది సిస్టరమ్మా పసుపు? మీరే చూడుండ్రి."

చూశాను. పసుపు లేదు. గులాబీ రంగు బుగ్గలు, పాలలాంటి నుదురు. ఒక్కో వెంట్రుక విడివిడిగా కనిపిస్తోంది. రెప్పల మీది నూగు కూడా కనిపిస్తోంది. కామెర్లు ఒక్కటే కనిపించడం లేదు. గదిలో ఉన్నవాళ్లందరూ ఆ ఫోన్ మీదికి వంగారు. బిడ్డ నా ఒడిలోనే ఉంది, ఒక్కరూ బిడ్డ వైపు చూడలేదు.

మూడు నిమిషాల్లో డాక్టరు జవాబు వచ్చింది. బాగానే ఉంది, పాలు బాగా పట్టండి, పొద్దున కాసేపు ఎండ చూపించండి అని. కింద బొటనవేలు పైకెత్తిన బొమ్మ. దాని కింద ఇంకో మాట కూడా రాశాడు, ఫోటో సూపర్ క్లారిటీ, ఏ ఫోన్ అని. అల్లుడు ఆ ఆఖరి ముక్కను గట్టిగా చదివి వినిపించాడు.

నేను ఊరుకోలేదు. "ఫోటోల ఎట్ల తెలుస్తది? వేలుతోని ఒత్తి చూడాలె" అన్నాను. అప్పుడు పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, ఎంతో ప్రేమగా, అసలు విషయం తేల్చేసింది. "అక్కా, ఏమనుకోకు. నీ కంటికి మోతిబిందు ఉన్నది గదా. గందుకే నీకు పచ్చగ కనవడ్తున్నదేమో."

అందరూ నవ్వారు. అల్లుడు నవ్వాడు. మంచం మీది బాలింత కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

అల్లుడు చెప్పాక ఆ ఇంట్లో ఇంకొకరు మాట్లాడరు. అల్లుడు అన్నం బాగుందంటే బాగుంది, ఎండగా ఉందంటే ఎండగా ఉంది. అతను లక్ష పైచిలుకు పోసి కొన్న ఫోన్ ఎర్రగా ఉందని చూపిస్తుంటే, పక్కింటి ముసలి నర్సు మాట ఎవరికి కావాలి? మిల్లు యజమాని, అంటే బిడ్డ తాత, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. అతనికి అనుమానం వచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. "అల్లుడు చెప్తుండు గదా" అని మాత్రం అని మిల్లుకు వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి ఒక పని చేశాను. ఉతికిన తెల్లదుప్పటి తలుపు మీద ఆరేసి, ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూశాను. కుడి కంటికి దుప్పటి తెల్లగా ఉంది. ఎడమ కంటికి పాత పేపరులాగా పసుపుగా ఉంది. నిజమేనేమో, నా కన్నే పసుపేమో అనుకున్నాను. ఆ పరీక్ష దుప్పటి మీద కాదు, బిడ్డ మీద చేయాలి కదా. ఎడమ కన్ను మూసి, బాగుచేసిన కుడి కంటితో బిడ్డను చూస్తే తేలిపోయేది కదా. ఆ తెలివి సోమవారమంతా నాకు రాలేదు. రాలేదో, లేక అల్లుడి ముందు మళ్లీ నవ్వులపాలు కావడం ఇష్టం లేక నేనే రానివ్వలేదో, ఇప్పుడు చెప్పలేను. చాలాసార్లు ఆలోచించాను. రెండోదే నిజమని అనిపిస్తుంది.

సోమవారం నేను గడప దాటలేదు. పక్కింటావిడ వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. బిడ్డ ఎండలో, బిడ్డ ఊయలలో, బిడ్డ నిద్రలో. అన్నింట్లోనూ ఎర్రటి పిల్లే. నేను ఆ ఫోటోలు ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఎర్రగానే ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిద్రలో, నిద్రలో, నిద్రలో. మూడు ఫోటోల్లోనూ బిడ్డ నిద్రపోతూనే ఉంది. రోజంతా లేవకుండా పడుకునే పసిబిడ్డ కనిపిస్తే వార్డులో నేను పరుగెత్తేదాన్ని.

మంగళవారం పొద్దున ఏడింటికి బాలింతే నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, పిల్ల మస్తు పండుకుంటున్నది. పాలకు గూడ లేస్తలేదు. మంచిదేనా?"

చెప్పులు కూడా వేసుకోలేదు. వెళ్లి బిడ్డను ఎత్తుకుని వరండాలోకి, ఎండ వెలుతురులోకి తెచ్చాను. ఎడమ కన్నును అరచేత్తో మూసుకున్నాను. కుడి కంటితో చూశాను. నొక్కాల్సిన పని కూడా లేదు. ముఖం, ఛాతీ, పొట్ట, తొడలు, అరికాళ్లు. అరికాళ్లు కూడా పసుపే. చెంప మీద తడితే సన్నగా, కీచుగా ఒక అరుపు అరిచి మళ్లీ మెడ వాల్చేసింది.

"ఇప్పుడే హైదరాబాద్ పోవాలె. కారు తియ్యిండ్రి."

"ఇయ్యాల మంగళారం అక్కా. పచ్చి బాలింత, పసిపిల్ల..." అంది పక్కింటావిడ.

నేను ఆ రోజు అరిచిన అరుపు వీధి చివర కిరాణా కొట్టు దాకా వినిపించిందట. ఏం తిట్టానో నాకు గుర్తు లేదు. ఆమెకు గుర్తుంది కానీ చెప్పదు. రాత్రి అక్కడే ఉండిపోయిన అల్లుడు కళ్లు నులుముకుంటూ వచ్చాడు, చేతిలో ఫోన్.

"సిస్టరమ్మా, డాక్టరన్న మంచిగుందన్నడు గదా. ఉండుండ్రి, ఇంకో ఫోటో..."

ఆ ఫోన్ లాక్కున్నాను. ఆదివారం తీసిన ఫోటో అందులోనే ఉంది. దాన్ని తెరిచి, వరండా ఎండలో బిడ్డ ఛాతీ పక్కన పెట్టాను. అద్దం మీద గులాబీ రంగు పిల్ల, దాని పక్కన పసుపు ముద్దలా నా చేతుల్లో వేలాడుతున్న పిల్ల.

"ఏది నీ బిడ్డ? గిదా, గిదా? సరిగ్గ చూసి చెప్పు."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అన్న మంచిగుందన్నడు..." అని మళ్లీ గొణిగాడు.

"మీ అన్న బిడ్డను చూసిండా, నీ ఫోన్‌ను చూసిండా?"

అతనే కారు తీశాడు. నేను వెనక సీట్లో బిడ్డను ఒళ్లో పెట్టుకుని, పక్కన బాలింతను కూర్చోబెట్టుకున్నాను. దారిలో చెంచాతో పాలు పోస్తే పెదవి పక్కనుంచి కారిపోయాయి. బాలింత ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ప్రార్థన చేయాల్సింది. చేయలేదు. అల్లుడిని, డాక్టరును, ఆ ఫోన్‌ను, నన్ను వరుసపెట్టి తిట్టుకుంటూనే కూర్చున్నాను.

హైదరాబాద్ ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, బట్టలు విప్పి, లైటు జరిపి, బొటనవేలితో నుదుటి మీద నొక్కింది. అచ్చం మా మేట్రన్ నొక్కినట్టే. నాకు అక్కడే ఏడుపు వచ్చింది. రక్తపరీక్ష కాగితం వచ్చేసరికి ఆమె ముఖం మారిపోయింది. బిడ్డ రక్తం తీసి కొత్త రక్తం ఎక్కించారు. కళ్లకు గంతలు కట్టి నీలం లైట్ల కింద పెట్టారు.

"రెండు రోజుల కిందనే తీసుకురావాలి కదా. ఇంట్లో ఒక్కరికీ కనిపించలేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

అల్లుడు నేల చూశాడు. నాకు కనిపించిందని నేను చెప్పలేదు. నేను నర్సునని కూడా ఆమెకు చెప్పలేదు.

మూడో రోజు ప్రాణానికి భయం లేదన్నారు. నేను బస్సెక్కి మెదక్ వచ్చేశాను. బస్సులోనే వాట్సాప్‌లోంచి ఆ ముడతల్లేని ముఖం తీసేశాను. ఇంకో ఫోటో పెట్టలేదు. అక్కడ ఇప్పటికీ బూడిదరంగు బొమ్మే ఉంది.

పది రోజుల తర్వాత బిడ్డను ఇంటికి తెచ్చారు. పక్కింటావిడ చీర, పండ్లు, మిఠాయి పట్టుకుని వచ్చి నా కాళ్ల మీద పడబోయింది. "నీ కన్నే బిడ్డను కాపాడిందక్కా" అంది. చీర తీసుకున్నాను కానీ, ఆ మాట మింగుడు పడలేదు. కాపాడే కన్ను రెండు రోజులు ఇంట్లో తలుపేసుకుని దుప్పట్లను చూసింది కదా.

"డాక్టర్లు ఏం చెప్పిండ్రు? చీటీ ఏది?" అని అల్లుడిని అడిగాను.

"అంత మంచిగైందన్నరు సిస్టరమ్మా. కాయితం ఫోటో తీసి పెట్టుకున్న. కాయితాలైతే ఎటన్న పోతయి, ఫోన్ల ఉంటె ఎటువోదు. మీకు పంపిస్త."

పంపలేదు. నేను మళ్లీ అడగలేదు. ఆ ఫోన్ పేరెత్తితేనే నాకు కంపరంగా ఉండేది. బిడ్డను మాత్రం రోజూ చూసేదాన్ని. చూపు నిలుపుతోందా, మెడ నిలబడుతోందా, చేతులు కాళ్లు సమానంగా ఆడిస్తోందా, అన్నీ చూశాను. అన్నీ బాగున్నాయి. మూడో నెల నిండగానే తల్లీబిడ్డలను రామాయంపేట పంపించారు. అక్కడి నుంచి వారం వారం వీడియోలు వచ్చేవి. నవ్వే పిల్ల, పాకే పిల్ల, బొమ్మ పట్టుకునే పిల్ల. పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చి చూపించేది. ఆ వీడియోలన్నింటికీ అల్లుడు ఏదో ఒక పాట తగిలించేవాడు. పాట వినపడేది, పిల్ల కనపడేది.

పదో నెలలో మెదక్ వచ్చారు. కబురు తెలిసి వెళ్లాను. హాల్లో చాప మీద పిల్ల కూర్చుని ఉంది. బొద్దుగా, తల్లి రంగులో, చామనఛాయలో. నాకు ఎంతో హాయిగా అనిపించింది. అల్లుడు ఎదురుగా నేల మీద బోర్లా పడుకుని ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. ఫోన్ వెనక లైటు వెలిగించి ఆర్పుతుంటే పిల్ల దాన్నే చూసి కిలకిలా నవ్వుతోంది.

"మస్తు శాంతం పెద్దమ్మా ఇది" అంది పిల్ల తల్లి, గర్వంగా. "గణపతి నిమజ్జనం నాడు మా ఇంటి ముంగటనే డీజే పెట్టిండ్రు. కిటికీ అద్దాలు అదిరినయి. ఇది కన్ను గూడ తెరువలె. అట్లనే పండుకున్నది. అందరు ఎంత మంచి పిల్లనో అన్నరు."

నా చేతిలో వాళ్లిచ్చిన చాయ్ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాను. వంటింట్లోకి వెళ్లి ఒక స్టీలు పళ్లెం, గరిటె తెచ్చుకున్నాను. పిల్ల వెనక, దానికి కనిపించకుండా నిలబడి గట్టిగా కొట్టాను. తల్లి ఉలిక్కిపడింది. పక్కింటావిడ ఏమైందేమైందంటూ పెరట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. పిల్ల తల తిప్పలేదు. ఫోన్ లైటు చూసి నవ్వుతూనే ఉంది.

కుడిచెవి వైపు కొట్టాను. ఎడమచెవి వైపు కొట్టాను.

"సిస్టరమ్మా, జర ఆగుండ్రి. వీడియోల సౌండ్ వస్తున్నది" అన్నాడు అల్లుడు.

ఫోన్ విన్నది. పిల్ల వినలేదు.

"వీడియో బందు పెట్టు" అన్నాను. ఈసారి నేను ఇంటికి పోయి తలుపేసుకోదలచుకోలేదు. "దవాఖాన చీటీ ఏది?"

"ఏ చీటీ?"

"పసిరికలప్పుడు ఇచ్చిన చీటీ. ఫోటో తీసి పెట్టుకున్న అన్నవు గదా, ఎటువోదన్నవు గదా. తియ్యి."

లేచి కూర్చున్నాడు. వేలితో ఫోటోలు వెనక్కి జరపడం మొదలుపెట్టాడు. పదో నెల పిల్ల, తొమ్మిదో నెల పిల్ల, ఎనిమిదో నెల పిల్ల. ఉయ్యాల, గౌను, గుడి, బర్త్‌డే కేకు కాకపోయినా నెలనెలా కోసిన కేకు. వేలకు వేల ఫోటోలు. అతని వేలు ఆగకుండా జరుగుతూనే ఉంది. పిల్ల తల్లి అతని పక్కన కూర్చుంది. ఏం వెతుకుతున్నామో ఆమెకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, కానీ రంగు మాత్రం మారిపోయింది. చాయ్ చల్లారిపోయింది. ఆరో నెల, అయిదో నెల, మూడో నెల. గులాబీ రంగు పిల్లలు అద్దం మీద పైనుంచి కిందికి కారిపోతున్నారు. చివరికి వాటి మధ్యలో, తెల్లగా, ఒక కాగితం.

వేళ్లతో పెద్దది చేశాడు. షాపువాడు చెప్పింది అబద్ధం కాదు, ఆ ఫోన్ చాలా గొప్పగా తీసింది. కాగితం మడత కనిపిస్తోంది. ఆసుపత్రి ముద్ర కనిపిస్తోంది. కింద డాక్టరమ్మ ఎర్రసిరాతో రాసి, రెండు గీతలు గీసిన మాట నా ఎడమ కంటికి కూడా అందింది.

దాన్ని చదివింది పిల్ల తల్లి. "కామెర్ల వల్ల వినికిడి పోయే ప్రమాదం ఉంది, మూడో నెలలో చెవుల పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ఆలస్యం చేయొద్దు." ఒక్క అక్షరం కూడా తడబడకుండా, గట్టిగా, ఇల్లంతా వినిపించేలా చదివింది. పిల్ల ఆమె ఒళ్లోకి పాకి వచ్చి, ఫోన్ వెలుగు చూసి నవ్వుతోంది.